కుర్చీలోకి వెంట వచ్చిన స్ఫటికం



ఈ స్మారకోపన్యాసానికి విషయం మీరే ఎంచుకోండి అని నిర్వాహకులు అన్నప్పుడు నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. ప్రయోగశాలలో మొదలై విశ్వవిద్యాలయాన్ని నడిపే కుర్చీ దాకా వెళ్లిన ఒక మనిషి గురించి మాట్లాడాలని చాలా ఏళ్లుగా మనసులో ఉంది. ఆయన సూరి భగవంతం గారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. ఈ మూడు పదవుల కంటే ముందు విశాఖపట్నంలోని వాల్తేరులో భౌతికశాస్త్ర ఆచార్యులు.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టింపు ఎందుకో ముందే చెప్పేస్తాను. నేను కొన్నేళ్లు ఒక డిగ్రీ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశాను. అంతకుముందు పదిహేనేళ్లపాటు ఒక వర్ణపటమాపకం ముందు కూర్చున్నవాణ్ణి. పాదరసపు దీపం, ఫొటో ప్లేట్లు, చీకటి గది, అదే నా లోకం. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లిన రోజు, దుమ్ము పడకుండా దాని మీద ఒక దుప్పటి కప్పాను. నెలకోసారైనా వచ్చి చూసుకుందాం అనుకున్నాను. అడ్మిషన్లు, పరీక్షలు, జీతాల బిల్లులు, హాస్టల్ తగాదాలు అయ్యేసరికి మూడేళ్లు గడిచాయి. దుప్పటి తీసి స్విచ్ వేస్తే దీపం వెలగలేదు. ఆ రోజు నేను పడ్డ బాధ ఇంట్లోవాళ్లకు కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. భగవంతం గారి జీవితాన్ని నేను వెతుక్కుంటూ చదవడం ఆ తర్వాతే మొదలైంది. ఆయన దీపం ఎలా వెలుగుతూనే ఉండిపోయిందన్నది నాకు తెలుసుకోవలసిన ప్రశ్న అయింది.

ఆయన 1909లో అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. శోభనాచలస్వామి కొండ ఉన్న ఊరు. బెంగళూరు విజ్ఞాన సంస్థ కూడా పుట్టింది అదే 1909లో. దీన్ని యాదృచ్ఛికంగానే తీసుకోండి. డిగ్రీ చదువు హైదరాబాదు నిజాం కళాశాలలో. ఇక్కడ ఒక సంగతి గుర్తు చేయాలి. ఆ రోజుల్లో హైదరాబాదులో రెండు చదువులు పక్కపక్కన నడిచేవి. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో బోధించేది. నిజాం కళాశాల మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, ఇంగ్లీషులో బోధించేది. కృష్ణా జిల్లా కుర్రవాడు హైదరాబాదులో చదివి, మద్రాసు పట్టా పుచ్చుకున్నాడు. తర్వాత పాతికేళ్లకు తాను చదవని ఉస్మానియాకే ఉపకులపతి అయ్యాడు.

1928 ఫిబ్రవరి 28న కలకత్తా బౌబజార్ వీధిలోని ఒక పరిశోధన సంస్థలో, పదార్థాన్ని తాకి చెదిరిన కాంతిలో కొత్త రేఖలు కనిపించే రామన్ ఫలితం వెలుగు చూసింది. ఆ ఏడాదే భగవంతం గారు అక్కడికి, సి.వి. రామన్ శిష్యుడిగా చేరారు. మహేంద్రలాల్ సర్కార్ 1876లో నెలకొల్పిన ఆ సంస్థకు అప్పుడు దేశం నలుమూలల నుంచి కుర్రాళ్లు వచ్చేవారు. జీతం ఎంత, ఉద్యోగం వస్తుందా అన్న ప్రశ్నలు వెనకబడి, కొత్త రేఖ ఏదైనా కనిపించిందా అన్న ప్రశ్న ముందుకు వచ్చిన రోజులవి. ద్రవాల మీద, వాయువుల మీద, స్ఫటికాల మీద కాంతిని పంపి చెదిరిన కాంతిని ఫొటో ప్లేటు మీద పట్టడం అక్కడి దినచర్య. భగవంతం గారు వజ్రం మీద పనిచేశారు. కొల్లూరు, పరిటాల వంటి గనులతో ప్రపంచానికి వజ్రాలనిచ్చిన కృష్ణా తీరం నుంచి వచ్చిన మనిషి, నగ విలువతో ఏ మాత్రం పని లేకుండా, వజ్రం లోపల పరమాణువులు ఎలా కదులుతాయో చూడటానికి కూర్చున్నాడని తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

1931లో రామన్, భగవంతం కలిసి ఫోటాన్‌కు స్పిన్ ఉందని, అంటే కాంతి కణానికి స్వతహాగా ఒక తిప్పు ఉందని, ప్రయోగం ద్వారా రుజువు చేశామని ప్రకటించారు. కాంతి అణువును తాకి చెదిరినప్పుడు ఆ తిప్పును అణువుతో ఇచ్చిపుచ్చుకుంటుంది. చెదిరిన కాంతి ధ్రువణంలో ఆ లావాదేవీ జాడ మిగులుతుంది. ఆ జాడను వాళ్లు కొలిచారు. అప్పటికి గురువుకు నోబెల్ వచ్చి ఏడాది. శిష్యుడికి ఇరవై రెండేళ్లు. ఆ వయసులో అటువంటి పత్రం మీద పేరు పడిన మనిషి జీవితమంతా ప్రయోగశాలలోనే గడుపుతాడని ఎవరైనా అనుకుంటారు.

1932లో ఆయన వాల్తేరు వచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు మారింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు వేసిన పునాది మీద సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఉపకులపతిగా ఉన్న రోజులు. రాధాకృష్ణన్ గారు అంతకుముందు కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. రామన్ కూడా అక్కడే. అంటే కలకత్తా గాలి కొంత వాల్తేరు దాకా వీచింది. రామన్ బాల్యం గడిచింది, మెట్రిక్ చదివింది కూడా విశాఖపట్నంలోనే. తండ్రి అక్కడి ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకులు. గురువు పెరిగిన ఊరికి శిష్యుడు పంతులుగా వచ్చాడు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారి దానంతో నిలబడిన శాస్త్ర సాంకేతిక కళాశాలలో భౌతికశాస్త్ర శాఖ రూపుదిద్దుకుంది. రసాయనశాస్త్రంలో శేషాద్రి గారు, భౌతికశాస్త్రంలో వర్ణపటాల మీద రంగధామారావు గారు, స్ఫటికాల మీద భగవంతం గారు. ముప్పై ఏళ్లు నిండకముందే ఆయన ఆచార్యులయ్యారు.

ఇక్కడ నేను కొంచెం ఆగాలి. ఆయన పాలకుడిగా ఏం చేశారన్నది అర్థం కావాలంటే వాల్తేరులో ఏం చేశారో తెలియాలి. లెక్కలంటే భయపడేవాళ్లు కంగారుపడవద్దు. ముగ్గుతో మొదలుపెడతాను.

సంక్రాంతి నాడు వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తారు. చక్కగా కుదిరిన ముగ్గును పావు వంతు తిప్పినా అలాగే కనిపిస్తుంది. సగం తిప్పినా అలాగే కనిపిస్తుంది. కుడి ఎడమలు మార్చి అద్దంలో చూసినా తేడా తెలియదు. ముగ్గును ఏమేం చేసినా మారకుండా ఉంటుందో ఆ పనులన్నిటినీ ఒక జాబితాగా రాస్తే, ఆ జాబితాకు తనదైన లెక్క ఉంటుంది. గణితంలో దాన్ని సమూహం అంటారు. స్ఫటికం కూడా ప్రకృతి మూడు దిక్కులా వేసిన ముగ్గే. ఉప్పు, వజ్రం, సున్నపురాయిలోని కాల్సైటు, అన్నిటిలోనూ ఒక చిన్న ఇటుక ఉంటుంది. ఆ ఇటుకే మళ్లీ మళ్లీ పేర్చబడుతుంది. బయటి ఆకారంలోని సౌష్ఠవాన్ని బట్టి స్ఫటికాలను 32 వర్గాలుగా విడదీయవచ్చని పందొమ్మిదో శతాబ్దంలోనే తేలింది.

ఇప్పుడు భగవంతం గారు వేసిన ప్రశ్న. ఒక స్ఫటికాన్ని ప్రయోగశాలలో పెట్టకముందే, దాని సౌష్ఠవం ఒక్కటే తెలిస్తే, రామన్ వర్ణపటంలో ఎన్ని రేఖలు కనిపించాలో చెప్పగలమా? 1939లో టి. వెంకటరాయుడు గారితో కలిసి రాసిన పత్రంలో దీనికి జవాబు ఇచ్చారు. చెప్పగలం. వజ్రం తీసుకోండి. దాని ఇటుకలో రెండు పరమాణువులు. ఒక్కొక్కటి మూడు దిక్కుల్లో కదలగలదు కాబట్టి మొత్తం ఆరు కదలికలు. అందులో మూడు, ఇటుక మొత్తం కలిసికట్టుగా జరిగేవి. మిగిలిన మూడు సౌష్ఠవం వల్ల ఒకే పౌనఃపున్యంతో కంపించాలి. కాబట్టి ఒక్కటే రేఖ ఉండాలి. ఉన్నది ఒక్కటే, 1332 తరంగ సంఖ్య దగ్గర. కాల్సైటు ఇంకా పెద్ద ఇటుక. పది పరమాణువులు, 30 కదలికలు. కలిసికట్టుగా జరిగే మూడు తీసేస్తే 27. వాటిలో జంటగా కంపించేవి ఉన్నాయి. రామన్ వర్ణపటంలో ఎన్నటికీ కనిపించనివీ ఉన్నాయి. అన్నీ లెక్కగడితే కనిపించవలసిన మొదటి శ్రేణి రేఖలు ఐదు.

ఈ లెక్కలో ఒక నిజాయితీ ఉంది. ఎన్ని రేఖలు ఉండాలో, ఏవి ఎప్పటికీ కనిపించవో సౌష్ఠవం కచ్చితంగా చెబుతుంది. ఏ రేఖ ఎంత వెలుగుతుందో మాత్రం చెప్పదు. అది కొలిచి తెలుసుకోవలసిందే. తన పద్ధతి ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో భగవంతం గారికి స్పష్టంగా తెలుసు.

ఇదే చూపుతో ఆయన మరో పాత లెక్కను కూడా సరిదిద్దారు. స్ఫటికాన్ని నొక్కితే దానిలోంచి వెళ్లే కాంతి నడక మారుతుంది. ఏ వర్గం స్ఫటికానికి ఈ మార్పును వర్ణించడానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో పోకెల్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఎప్పుడో పట్టికలు వేశాడు. అందరూ వాటినే వాడేవారు. 1942లో భగవంతం గారు సమూహ సిద్ధాంతంతో మళ్లీ లెక్కించి, కొన్ని వర్గాలలో ఆ సంఖ్యలు తప్పని చూపించారు. ఒక్క ప్రయోగం కూడా చేయకుండా, కాగితం మీద. 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించిన ‘థియరీ ఆఫ్ గ్రూప్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్ టు ఫిజికల్ ప్రాబ్లమ్స్’ అన్న పుస్తకం ఈ పనికంతటికీ గూడు. భగవంతం, వెంకటరాయుడు గార్లు కలిసి రాశారు. 1969లో లండన్‌లో అకడమిక్ ప్రెస్ దాన్ని మళ్లీ వేసింది. మా తరం వాళ్లం ఆ పుస్తకం నుంచే సౌష్ఠవం నేర్చుకున్నాం. నా దగ్గరున్న ప్రతికి కుట్టు ఊడిపోతే రెండుసార్లు బైండు చేయించాను.

ఆయన కేవలం కాగితం మనిషి అని మాత్రం అనుకోవద్దు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం మూటాముల్లె సర్దుకుని గుంటూరు చేరింది. పరికరాలు సగం దారిలో, పుస్తకాలు సగం పెట్టెల్లో. ఆ పరిస్థితుల్లో భీమసేనాచార్ గారితో కలిసి అతిధ్వనులతో స్ఫటికాల గట్టిదనాన్ని కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. క్వార్ట్జ్ పలక మందాన్ని బట్టి అది పుట్టించే ధ్వని పౌనఃపున్యం మారుతుంది. ఒకవైపు పలచగా, మరోవైపు మందంగా, చీలికలా కోసిన పలకైతే ఒక్కదానితోనే వరుసగా ఎన్నో పౌనఃపున్యాలు వస్తాయి. దాని మీద చిన్న స్ఫటికం ముక్క పెడితే, తనకు నచ్చిన పౌనఃపున్యం దగ్గర ఆ ముక్క ధ్వనిని ఎక్కువగా దాటనిస్తుంది. అక్కడి నుంచి లెక్క మొదలవుతుంది. ఖరీదైన పరికరం అక్కర్లేదు, పెద్ద స్ఫటికం అక్కర్లేదు. ఉన్నదాంతో పని జరిపించుకునే తెలివి అది. ఆ పద్ధతితో కొలిచిన వజ్రపు స్థితిస్థాపక స్థిరాంకాలు 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చాయి. తర్వాత వచ్చిన కొలతలు ఆ విలువలను సవరించాయి. వజ్రం విషయంలో ఆ దారి ముందు తొక్కింది వీళ్లే.

1948-49లో లండన్‌లో శాస్త్ర సంబంధాల అధికారిగా ఉద్యోగం. ఆ తర్వాత ఉస్మానియాలో భౌతికశాస్త్ర ఆచార్యుడు. 1952లో ఉపకులపతి. 1957 దాకా ఆ కుర్చీలో ఉన్నారు.

ఆ అయిదేళ్లు, వాటికి ముందు రోజులు ఎటువంటివో హైదరాబాదు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం మీద పోలీసు చర్య. ఆ వెంటనే విశ్వవిద్యాలయ బోధనా మాధ్యమం ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారింది. 1952లో, ఉద్యోగాలు స్థానికులకే కావాలంటూ ముల్కీ ఆందోళన. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు. ఒక రాష్ట్రంలో పదవి చేపట్టి మరో రాష్ట్రంలో దిగిన ఉపకులపతి ఆయన. కృష్ణా జిల్లాలో పుట్టిన మనిషి ఆ సమయంలో ఉస్మానియాకు అధిపతిగా ఉండటం ఎంత సున్నితమైన సంగతో ఈ సభలో ఉన్న పెద్దలకు తెలుసు. స్థానికుల ఆవేదనకు కారణాలున్నాయి. ఆ ఆవేదన ఆ తర్వాత దశాబ్దాల పాటు చల్లారలేదు కూడా.

మాధ్యమం మార్పు గురించి ఒక్క మాట. దీని గురించి మనవాళ్లు చాలా తక్కువ మాట్లాడతారు. ఒక భారతీయ భాషలో ఉన్నత విజ్ఞానం చెప్పవచ్చని తలపెట్టిన మొదటి ఆధునిక విశ్వవిద్యాలయం ఉస్మానియా. అందుకోసం ఒక అనువాద సంస్థనే పెట్టారు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వైద్యం, న్యాయం, అన్నిటికీ ఉర్దూ మాటలు పుట్టించారు. ముప్పై ఏళ్లు ఆ మాటలతో పాఠం చెప్పిన అధ్యాపకుడు ఒక్కసారిగా ఇంగ్లీషులో చెప్పవలసి వస్తే ఏమవుతుంది? నోరు తిరగకపోవడం చిన్న ఇబ్బంది. ఆలోచించే అలవాటే తెగిపోతుంది. చీకటి గదిలో పక్కనున్న విద్యార్థితో గుసగుసగా చెప్పే మాట ఏ భాషలో రావాలి? ఆ తెగిన చోట నిలబడి శాఖలను నడిపించడం అప్పటి ఉపకులపతి పని. ఫైలులో అది ఒక తీర్మానం సంఖ్య మాత్రమే. తరగతి గదిలో అది ఒక పంతులు గారి గొంతు తడారిపోవడం. తెలుగులో సైన్సు చెప్పడానికి ఇంకా తడుముకుంటున్న మనం ఉస్మానియా చేసిన ఆ ప్రయత్నాన్ని మతం కళ్లతోనో, రాజకీయం కళ్లతోనో చూసి వదిలేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

1957లో భగవంతం గారు బెంగళూరు విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా వెళ్లారు. ఆ కుర్చీకి ఒక చరిత్ర ఉంది. అది ఆయన గురువుదే. 1933లో ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరుగా వెళ్లిన రామన్ నాలుగేళ్లకే ఆ పదవి వదులుకోవలసి వచ్చింది. జర్మనీ నుంచి తరిమివేయబడిన భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌ను ఆచార్యుడిగా తెచ్చుకోవాలని రామన్ ఆశపడ్డారు. బోర్న్ కొన్ని నెలలు అక్కడ పాఠాలు కూడా చెప్పారు. లోపలివాళ్లే అడ్డుపడ్డారు. భౌతికశాస్త్రం తప్ప మిగతా శాఖలను చిన్నచూపు చూస్తున్నారని రామన్ మీద ఫిర్యాదులు వెళ్లాయి. 1936లో విచారణ సంఘం వచ్చింది. దాని అధ్యక్షుడు సర్ జేమ్స్ ఇర్విన్. ఈయన కూడా శాస్త్రవేత్తే. చక్కెరల రసాయనం మీద పేరు తెచ్చుకుని, స్కాట్లండ్ సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయాన్ని 1921 నుంచి చనిపోయేదాకా నడిపించినవాడు. శాస్త్రం నుంచి పాలనలోకి నెమ్మదిగా నడిచి వెళ్లిన ఒకరు, శాస్త్రాన్ని భుజాన వేసుకుని పాలనలోకి దూసుకువెళ్లిన మరొకరి మీద తీర్పు చెప్పారు. రామన్ 1937లో డైరెక్టరు పదవి విడిచి, భౌతికశాస్త్ర ఆచార్యుడిగా మాత్రం 1948 దాకా అక్కడే ఉన్నారు.

నా అభిప్రాయం చెప్పమంటే, రామన్ తప్పు శాస్త్రాన్ని ఎక్కువ ప్రేమించడంలో లేదు. ఒక సంస్థలో పదిమంది పది రకాల శాస్త్రాలను అంతే ప్రేమతో చేస్తుంటారని ఒప్పుకోవడానికి ఆయనకు ఓపిక చాలలేదు. కుర్చీలో కూర్చుని కూడా ఆయన తన ప్రయోగశాల కళ్లతోనే అన్నిటినీ చూశారు. తనకు కనిపించని రేఖ అసలు లేదనుకున్నారు.

ఇరవై ఏళ్ల తర్వాత శిష్యుడు అదే కుర్చీలో కూర్చునేనాటికి గురువు ఊరు విడిచి వెళ్లలేదు. అదే బెంగళూరులో, ఆ సంస్థకు ఎంతో దూరం లేని చోట, సొంత పరిశోధన సంస్థ నడుపుకుంటున్నారు. ప్రభుత్వ డబ్బుతో నడిచే పరిశోధనను బాహాటంగా విమర్శించేవారు. శిష్యుడేమో ప్రభుత్వం నమ్మి నియమించిన డైరెక్టరు. వాళ్లిద్దరి మధ్య ఆ రోజుల్లో ఏ మాటలు నడిచాయో ఊహించి చెప్పడం నా పని కాదు. కాని ఆ దగ్గరతనం, ఆ ఎడం, రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయని తలచుకుంటాను.

భగవంతం గారి హయాంలో ఆ సంస్థకు జరిగిన పెద్ద మేలు బయటివాళ్లకు చప్పగా కనిపిస్తుంది. 1958లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చట్టం కింద దాన్ని విశ్వవిద్యాలయంతో సమానమైన సంస్థగా గుర్తించారు. అంతకుముందు అక్కడ ఎంత గొప్ప పరిశోధన చేసినా, పట్టా కోసం వేరే విశ్వవిద్యాలయం గుమ్మం తొక్కవలసి వచ్చేది. ఇక తన డిగ్రీ తానే ఇచ్చుకోవచ్చు. ఇది ఒక సంతకం, ఒక గెజిట్ ప్రకటన. కాని ఆలోచించండి. ఏ కోర్సు పెట్టవచ్చు, ఎవరిని తీసుకోవచ్చు, ఏ పరీక్ష ఎలా జరపవచ్చు అన్న హద్దులన్నీ ఆ ఒక్క మార్పుతో కొత్తగా గీయబడ్డాయి. మరుసటి ఏడాది స్వర్ణోత్సవం. 1962లో ఆయన తర్వాత సతీశ్ ధవన్ వచ్చి ఆ సంస్థను కొత్త శాస్త్రాలవైపు విస్తరించారు. ఆ విస్తరణకు చోటు ముందే సిద్ధమై ఉంది. ఏవి కుదురుతాయి, ఏవి కుదరవు అన్న లెక్క ముందు తేల్చిపెట్టి, ఏ రేఖ ఎంత వెలుగుతుందన్నది పనిచేసేవాళ్లకు వదిలిపెట్టడం ఆయన అలవాటని నాకు అనిపిస్తుంది. వాల్తేరులో నేర్చుకున్న క్రమశిక్షణ అది.

బెంగళూరు కుర్చీలో ఉండగానే, 1961లో, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు పదవి వచ్చింది. అంతకుముందు ఆ స్థానంలో ఉన్న దౌలత్ సింగ్ కొఠారీ కూడా భౌతికశాస్త్రవేత్తే. ఆయన ఆ పదవి నుంచి యూజీసీ అధ్యక్షుడిగా వెళ్లారు. మరుసటి ఏడాది చైనాతో యుద్ధం. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం. హైదరాబాదులో రక్షణ పరిశోధన శాలలు వేళ్లూనుకున్నది ఆ దశకంలోనే. ఇవాళ కంచన్‌బాగ్ వైపు వెళ్లేవాళ్లకు ఆ గోడలు కనిపిస్తూనే ఉంటాయి.

ఇప్పుడు నన్ను మొదటి నుంచీ వెంటాడిన ప్రశ్నకు, ఆయన దీపం ఎలా వెలుగుతూనే ఉండిపోయిందన్న ప్రశ్నకు వస్తాను. 1949లో, ఉస్మానియాకు వస్తున్న రోజుల్లో, అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర పత్రిక ‘ఆక్టా క్రిస్టలోగ్రఫికా’ రెండో సంపుటంలో సూర్యనారాయణ గారితో కలిసి రాసిన పత్రం వచ్చింది. స్ఫటిక సౌష్ఠవానికి, భౌతిక ధర్మాలకు సంబంధం దాని విషయం. 1964లో, రక్షణ శాఖలో తలమునకలై ఉన్నప్పుడు, పంతులు అనే సహపరిశోధకుడితో కలిసి అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవం మీద పత్రం. కాలాన్ని వెనక్కి తిప్పడం కూడా ఒక సౌష్ఠవ క్రియగా చేర్చుకుంటే, 32 వర్గాలు 90 అవుతాయి. ఆ తొంభైలో ఏ వర్గం ఏ అయస్కాంత ధర్మాన్ని చూపగలదో అందులో లెక్కించారు. 1966లో, రెండు యుద్ధాల తర్వాత, అదే పదవిలో ఉండగా, ‘క్రిస్టల్ సిమెట్రీ అండ్ ఫిజికల్ ప్రాపర్టీస్’ అన్న పుస్తకం.

నేను ఆ తేదీలను పదవుల పక్కన రాసి చూసుకున్నప్పుడు నాకు అర్థమైంది. ఆయన వెంట వచ్చినది చీకటి గది కాదు, పాదరసపు దీపం కాదు. వాటికి రోజూ మనిషి కావాలి. ఆయన వెంట వచ్చింది సౌష్ఠవం. దానికి కావలసింది పెన్సిలు, కాగితం, ఎడతెగని ఆలోచన. రైల్లో చేయవచ్చు. సమావేశం మొదలయ్యేలోపు చేయవచ్చు. పదిహేను రోజులు ఆగిపోయి మళ్లీ పట్టుకున్నా అది పాడైపోదు. ఆయన తెలిసి ఎంచుకున్నారో, అలా కుదిరిందో నాకు తెలియదు. కాని వెంట తీసుకువెళ్లగల సమస్య ఒకటి దొరికింది గనుకనే ఏళ్ల తరబడి కుర్చీల్లో కూర్చుని కూడా ఆయన శాస్త్రవేత్తగా మిగిలారు. నేను తీసుకువెళ్లలేనిదాన్ని ప్రేమించాను. దాని మీద దుప్పటి కప్పాను.

ఇందులో పోయినది లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. గుంటూరులో అంత తక్కువ సామగ్రితో అతిధ్వనుల పద్ధతిని తయారుచేసిన చేతులు కుర్చీల్లోకి వచ్చాక ఆ పలకలకు దూరమయ్యాయి. ఇరవై రెండేళ్లకు ఫోటాన్ తిప్పును కొలిచిన మనిషిలోని ప్రయోగకారుడు నలభై దాటేసరికి దాదాపు నిశ్శబ్దమైపోయాడు. మిగిలింది లెక్క కట్టేవాడు. దేశానికి రెండూ కావలసి ఉంది. అప్పుడే స్వాతంత్ర్యం వచ్చిన దేశంలో శిక్షణ పొందిన శాస్త్రవేత్తలు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. విశ్వవిద్యాలయాలు, సంస్థలు, శాలలు ఎన్నో కావాలి. ఆ అవసరం ఆయన చేతుల్లోంచి పరికరం లాక్కుంది. దాన్ని ఎవరి తప్పుగానూ చెప్పలేం. నష్టమని మాత్రం చెప్పాలి.

చివరి దశలో ఆయన సత్యసాయిబాబా గారి తెలుగు ప్రసంగాలను వేదిక మీదే ఇంగ్లీషులోకి అనువదించేవారు. చాలామంది తెలుగువాళ్లకు ఆయన ముఖం ఆ విధంగానే తెలుసు. శాస్త్రవేత్త అలా చేయవచ్చా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. నాకు ఆ దారి నచ్చదు. కాని 1939 నాటి కాల్సైటు లెక్క తప్పో ఒప్పో తేల్చడానికి ఆ ప్రశ్నతో పనిలేదు. 1989 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు.

పదవీ విరమణ తర్వాత నేను పాత కళాశాలకు అప్పుడప్పుడు వెళ్తున్నాను. ఇప్పుడు అక్కడ పాదరసపు దీపం లేదు. బల్ల మీద పట్టే లేజరు రామన్ పరికరం ఒకటి వచ్చింది. పోయిన ఏడాది ఒక డిగ్రీ విద్యార్థిని ప్రాజెక్టు కోసం కాల్సైటు ముక్క తెచ్చింది. పరికరం దగ్గరికి పోకముందు నా పాత పుస్తకం ఇచ్చి, ముందు లెక్క కట్టమన్నాను. పాపం రెండు రోజులు పట్టింది. మధ్యలో ఒకసారి ఏడు రేఖలు వచ్చాయంది, తప్పు ఎక్కడుందో తనే వెతుక్కుంది. మూడో రోజు ఐదు అని రాసిన కాగితం పట్టుకుని వచ్చింది. అప్పుడు లేజరు వెలిగించాం. తెర మీద 156 దగ్గర ఒకటి, 282 దగ్గర ఒకటి, 712 దగ్గర ఒకటి, 1086 దగ్గర నిటారుగా లేచిన పెద్ద శిఖరం. నాలుగే కనిపించాయి. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. కాసేపు ఆగమ్మా, ఇంకొంచెం సేపు కాంతి పడనివ్వు అన్నాను. ఇరవై నిమిషాలు ఇద్దరం ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాం. 1436 దగ్గర, గీత మీద చిన్న ఉబ్బులా, ఐదోది లేచింది.